పెరోల్ ఫైలులో ఆ ఒక్క వాక్యం: ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అన్నయ్యకు హత్య కేసులో యావజ్జీవ శిక్ష పడి తొమ్మిదేళ్ళయింది. అమ్మగారికి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. ఆ సమయంలో పక్కన ఉండటానికి నెల రోజుల పెరోల్ అడిగితే రెండుసార్లూ కాదన్నారు. రెండోసారి వచ్చిన కాగితంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "పోలీసు నివేదిక ప్రతికూలంగా ఉన్నందున తిరస్కరించడమైనది." అదే జైల్లో, అలాంటి కేసులోనే ఉన్న ఇంకొకాయన మాత్రం కూతురి పెళ్ళికి వెళ్ళి వచ్చాడు. "అసలు ఏ ఆధారాలు చూసి నిర్ణయిస్తారు? ఇది న్యాయమేనా?" అని అడిగారు.

నేను ప్రొబేషన్ అధికారిగా పాతికేళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ఫైళ్ళకు నివేదికలు రాయడమే నా పని. వాటిలో మంచివీ ఉన్నాయి, ఇప్పటికీ మనసును గుచ్చేవీ ఉన్నాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ అన్నయ్య నేరం చేశాడా లేదా అన్నది కోర్టు తేల్చేసింది. దానికి శిక్ష కూడా వేసింది. పెరోల్ ఫైలు తేల్చాల్సింది అది కాదు. ఈ మనిషిని, ఈ నెలలో, ఈ పని మీద, ఇన్ని రోజులు బయటికి పంపితే తిరిగి వస్తాడా? ఈలోగా ఎవరికైనా హాని జరుగుతుందా? అడగాల్సినవి ఈ రెండే. రెండూ రేపటి గురించిన ప్రశ్నలు. తొమ్మిదేళ్ళ కిందటి ఎఫ్ఐఆర్‌లో వీటికి జవాబు దొరకదు. ఇవాళ్టి మనిషిని చూసినవాళ్ళ దగ్గరే దొరుకుతుంది. మీ కాగితంలో ఉన్న అసలు లోపం ఇదే: ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో, ఏం చూశారో అందులో లేదు.

మాటల దగ్గర చాలామంది తికమకపడతారు కాబట్టి ఇది కూడా చెబుతాను. పెరోల్ అంటే ఒక అవసరం మీద, షరతులతో కొన్నాళ్ళు బయటికి పంపడం. ఫర్లో అంటే ఎక్కువ కాలం శిక్ష పడినవాళ్ళకు ప్రత్యేక కారణం లేకపోయినా, కుటుంబంతో బంధం తెగిపోకుండా అప్పుడప్పుడూ ఇచ్చే సెలవు. ఫర్లో రోజులు మామూలుగా శిక్షలో కలుస్తాయి. పెరోల్ రోజులు కలుస్తాయా లేదా అన్నది ఆయా రాష్ట్రాల నియమాలను బట్టి ఉంటుంది. గోవా నుంచి వచ్చిన ఒక కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు, ముందస్తు విడుదలకు కావలసిన 14 ఏళ్ళు లెక్కించేటప్పుడు పెరోల్ మీద బయట ఉన్న కాలాన్ని తీసేయాలని చెప్పింది. జైళ్ళు రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం కాబట్టి ఒక రాష్ట్రంలో విన్నది ఇంకో రాష్ట్రంలో పనికిరాకపోవచ్చు. మన దగ్గర 1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైలు నియమాలే చాలాకాలంగా పునాది.

ఇప్పుడు ఆ నివేదిక ఎలా తయారవుతుందో చెబుతాను. జైల్లో దరఖాస్తు పెట్టగానే సూపరింటెండెంట్ ప్రవర్తన వివరాలు చేర్చి పైకి పంపుతారు. అక్కడి నుంచి జిల్లా ఎస్పీకి, ఎస్పీ నుంచి డీఎస్పీకి, సీఐకి, చివరికి ఊరి స్టేషన్‌లో ఎస్సైకి వెళ్తుంది. ఎస్సై చాలాసార్లు ఒక హెడ్ కానిస్టేబుల్‌కి చెబుతారు. ఆయన ఊరికి వెళ్ళి ఇద్దరు ముగ్గురితో మాట్లాడి వస్తారు. ఒక్కోసారి ఊరికి వెళ్ళే తీరికే ఉండదు, ఫోన్లోనే అయిపోతుంది. "సదరు ఖైదీని విడుదల చేసినచో గ్రామంలో శాంతిభద్రతల సమస్య తలెత్తే అవకాశం కలదు" అన్న వాక్యం అక్కడే పుడుతుంది. అది మెట్టు మెట్టుకూ బరువెక్కుతుంది. కిందిస్థాయి ఉద్యోగి ఊహగా రాసింది ఎస్పీ సంతకం పడేసరికి "పోలీసు శాఖ అభిప్రాయం" అవుతుంది. నిర్ణయం తీసుకునే బల్ల మీదికి చేరేసరికి అదే రుజువు అయిపోతుంది. మధ్యలో ఎవరూ కొత్తగా ఏమీ చూడలేదు, ఒకరి మాటను ఇంకొకరు మోశారంతే.

ఆ ఎస్సైని నేను తిట్టడం లేదు. ఖైదీ బయటికొచ్చి ఏదైనా చేస్తే మొదట అడిగేది ఆయన్నే. లోపలే ఉంటే ఆయన్ని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. పెరోల్ ఇవ్వకపోవడం వల్ల ఒక తల్లి కొడుకును చూడకుండా పోతే ఆ నష్టం ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. ఒకవైపు తప్పు మాత్రమే లెక్కకు వచ్చే చోట మనుషులు రెండోవైపే మొగ్గుతారు. అందుకే ప్రతికూలంగా ఉన్న నివేదికను చూడగానే నమ్మకూడదు, చూడగానే కొట్టేయనూ కూడదు. విప్పి చూడాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక లైఫ్ ఖైదీ పెరోల్ కోసం విచారణకు వెళ్ళాను. ఎండాకాలం. ఊరి మొదట్లో టీ బంకు దగ్గర బస్సు దిగి, అక్కడున్న నలుగురిని అడిగాను. "అమ్మో, వాడొస్తే మళ్ళీ గొడవలే" అన్నారు. చనిపోయినవాళ్ళ ఇంటికి రెండు కిలోమీటర్లు నడవాలి. నేను వెళ్ళలేదు. "మృతుని కుటుంబ సభ్యులు తీవ్ర అభ్యంతరం తెలిపారు" అని రాసేశాను. పెరోల్ రాలేదు. ఏడాది తర్వాత మరో దరఖాస్తు వచ్చినప్పుడు ఈసారి ఆ ఇంటికి నడిచాను. తాళం వేసి ఉంది. చనిపోయినవాడి తల్లి మూడేళ్ళ కిందటే పక్క మండలంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట. అక్కడికి వెళ్ళి కలిశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళమ్మ మంచంలో ఉందని విన్నాను. చూసి పోనీ బాబూ. నేనున్న ఊరికి మాత్రం రావద్దని చెప్పు" అంది. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఆ మండలంలో అడుగు పెట్టకూడదన్న షరతుతో అతన్ని పది రోజులు పంపారు. తిరిగొచ్చాడు. కానీ మొదటి ఏడాది నేను నడవని ఆ రెండు కిలోమీటర్ల వల్ల అతని తల్లికి ఒక సంవత్సరం పోయింది. ఆ తర్వాత ఏ నివేదికా ఇల్లు చూడకుండా రాయలేదు.

దీనికి పూర్తిగా ఎదురు అనుభవం కూడా ఉంది. ఇంకో ఊళ్ళో అందరూ ఒకే మాట: "మంచివాడు సార్, పంపించండి." సర్పంచి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించారు. చనిపోయినవాడి భార్యను కూడా అక్కడికే పిలిపించారు. ఆవిడ తలవంచుకుని, "నాకేమీ అభ్యంతరం లేదు" అంది. నాకు నచ్చలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ కూలికి వెళ్ళే మిరపచేను దగ్గరికి వెళ్ళాను. ఒంటరిగా ఉన్నప్పుడు, వణికిపోతూ అసలు సంగతి చెప్పింది: సాక్ష్యం చెప్పిన ఆవిడ తమ్ముణ్ణి చంపుతామని ఖైదీ అన్నదమ్ములు అప్పటికే రెండుసార్లు కబురు పంపారు. ఆ ఊరికి పంపొద్దని రాశాను. కావాలంటే భార్య పుట్టింటి ఊళ్ళో, రోజూ స్టేషన్‌లో సంతకం పెట్టే షరతు మీద ఆలోచించవచ్చని కూడా రాశాను. ఊరంతా అవునంటున్నప్పుడు ఆ ఒక్కావిడ గొంతు వినిపించకపోతే, అది కూడా అన్యాయమే.

ఆధారం ఎంత గట్టిదో అడగాల్సిన నియమం ఇద్దరికీ ఒకటే. కాదని రాసిన నివేదికకూ అదే, అవునని రాసిన నివేదికకూ అదే. రెండోదానికి మన దగ్గరే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో, పదేళ్ళ శిక్ష పడిన ఒక రాజకీయ కార్యకర్తకు ఇంకా దాదాపు ఏడేళ్ళు మిగిలి ఉండగానే గవర్నర్ పేరు మీద శిక్ష రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. హతుల కొడుకులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అదే ఏపూరు సుధాకర్ కేసు. తీర్పు 2006 అక్టోబర్‌లో వచ్చింది, జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ ఎస్.హెచ్. కపాడియా ఇచ్చారు. ఫైలు తెరిచి చూస్తే అధికారుల నివేదికల్లో అతను "మంచి కాంగ్రెస్ కార్యకర్త" అన్న మాట కనిపించింది. శిక్ష తగ్గించడానికి ఆ మాటకు ఏం సంబంధం? కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మతం, కులం, రాజకీయ విధేయత లాంటివి ఇలాంటి నిర్ణయంలో చూడకూడదని, బాధితుల కుటుంబం మీద, సమాజం మీద దాని ప్రభావం ఏమిటో చూడాలని చెప్పింది. క్షమాభిక్ష అధికారాన్ని కూడా కోర్టులు పరిమితంగానైనా పరిశీలించవచ్చని ఆ తీర్పు స్పష్టం చేసింది. నాలాంటి నివేదికలు రాసేవాళ్ళకు అది పెద్ద దెబ్బ, పెద్ద పాఠం. నేను దాన్ని జిరాక్స్ తీయించి టేబుల్ సొరుగులో పెట్టుకున్నాను.

ఊరి పేరును బట్టి, కులాన్ని బట్టి రాసే నివేదికలు ఇంకో రకం. బాపట్ల దగ్గర స్టువర్టుపురం పేరు విననివాళ్ళు మనలో ఉండరు. బ్రిటిష్ కాలంలో నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి కాపలా మధ్య అక్కడ ఉంచారు. ఆ చట్టాన్ని 1952లోనే రద్దు చేశారు. కానీ ఆ ఊరి చిరునామా ఉన్న ఖైదీ ఫైలు మీద "అలవాటు పడిన నేరస్థుడు" అన్న మాట ఎంత సులువుగా పడుతుందో నేను చూశాను. పెరోల్ నియమాల్లో ఆ మాటకు చాలా బరువుంది, అది పడితే తలుపు దాదాపు మూసుకున్నట్టే. సుకన్యా శాంత కేసులో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ సహా అనేక రాష్ట్రాల జైలు నియమాల్లో కులం ఆధారంగా వివక్ష చూపే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. "అలవాటు పడిన నేరస్థుడు" అన్న మాటను పుట్టిన తెగను చూసి వాడకూడదని, చట్టంలో ఇచ్చిన నిర్వచనం ప్రకారమే వాడాలని కూడా చెప్పింది. మీ అన్నయ్య ఫైలులో అలాంటి మాట ఉంటే మొదట దాన్నే పట్టుకోండి. ఏ తేదీన, ఏ కేసుల్లో శిక్ష పడిందని అలా రాశారో అడగండి.

మరి నిజంగా పనికొచ్చే ఆధారం ఏది? నా అనుభవంలో అన్నిటికంటే గట్టిది, ఇంతకుముందు బయటికి వెళ్ళి చెప్పిన రోజుకు చెప్పిన గంటకు తిరిగి రావడం. దాని తర్వాత జైలు రికార్డు. "సత్ప్రవర్తన" అని ఒక్క మాట రాస్తే అది కూడా "శాంతిభద్రతల" వాక్యం లాంటిదే, ఏమీ చెప్పదు. హిస్టరీ టికెట్టులో, అంటే జైల్లో ఖైదీ వివరాలు రాసే కాగితంలో, ఏమేం ఎక్కాయి, శిక్షల రిజిస్టర్‌లో పేరు ఉందా, ఏ పని ఎన్నేళ్ళు చేశాడు, ఏం చదివాడు, ములాఖత్‌కు, అంటే జైల్లో కలవడానికి, ఎవరెవరు ఎంత తరచుగా వస్తున్నారు, ఇవి చూడాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ జైళ్ళ శాఖ పెట్రోల్ బంకులు నడుపుతోంది. వాటిలో ఖైదీలు పనిచేస్తారు, రోజూ వేల రూపాయలు వాళ్ళ చేతుల మీదుగా పోతాయి, రోడ్డు పక్కనే ఉంటారు. అలా రెండేళ్ళు పనిచేసి పైసా తేడా రాకుండా, పారిపోకుండా ఉన్న మనిషి గురించి పోలీసు నివేదికలో "పరారయ్యే అవకాశం కలదు" అని ఉంటే, ఆ రెండింటిలో దేన్ని నమ్మాలి? విచిత్రం ఏమిటంటే బంకు సంగతి చాలా పెరోల్ ఫైళ్ళలో కనిపించదు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ రాయరు.

మొదటిసారి అడిగేవాళ్ళకు ఒక చిక్కుంది. ఇంతకుముందు వెళ్ళి వచ్చిన చరిత్ర లేదని ఇవ్వరు, ఇవ్వరు కాబట్టి ఆ చరిత్ర ఎప్పటికీ రాదు. దీనికి మార్గం చిన్నదిగా మొదలుపెట్టడమే. ఎస్కార్టుతో ఒక పూట, తర్వాత మూడు రోజులు, తర్వాత వారం. మీరు నెల రోజులు అడిగారు కదా, ఆపరేషన్ రోజు, దాని చుట్టూ నాలుగు రోజులు అడిగి ఉంటే ఫైలు ఇంకోలా నడిచేదని నా అభిప్రాయం.

నేర తీవ్రత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "హత్య కేసు కదా, ఎలా ఇస్తారు" అని మీకు ఎవరో చెప్పినట్టున్నారు. రాజస్థాన్ నుంచి వచ్చిన అస్ఫాక్ కేసులో 2017లో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది. నేర స్వభావం ఒక్కటే చూపించి పెరోల్‌ను నేరుగా తోసేయకూడదని, చాలాకాలం లోపల ఉన్నవాళ్ళకు కుటుంబ వ్యవహారాలు చక్కబెట్టుకునే అవకాశం ఉండాలని చెప్పింది. అదే సమయంలో సమాజానికి ప్రమాదకరంగా ఉన్నవాళ్ళ విషయంలో ప్రజల భద్రత కూడా చూడాలని చెప్పింది. 2021లో గుజరాత్ నుంచి వచ్చిన నారాయణ్ సాయి కేసులో ఫర్లో అనేది సంపూర్ణ హక్కు కాదని, ప్రజాశాంతి కారణంగా నిరాకరించవచ్చని అదే కోర్టు చెప్పింది. రెండూ కలిపి చదువుకోవాలి. మీ అన్నయ్యకు పెరోల్ ఇచ్చి తీరాలని అడిగే హక్కు మీకు లేదు. న్యాయంగా, అతని ఫైలును చూసి, కారణం చెప్పి నిర్ణయించమని అడిగే హక్కు మాత్రం ఉంది.

కారణం చెప్పడం అంటే ఏమిటో చాలా ఆఫీసుల్లో ఇంకా తెలియదు. "ప్రతికూల నివేదిక" అన్నది కారణం కాదు, అది ఒక కాగితం ఉందని చెప్పడం మాత్రమే. నివేదికలో ఏముంది, దాన్ని ఎందుకు నమ్మారు, జైలు రికార్డు దానికి విరుద్ధంగా ఉంటే ఏది ఎందుకు వదిలేశారు, షరతులు పెడితే ఆ భయం తీరదా, ఇవి ఉంటే కారణం. ఇక్కడ మీకు పనికొచ్చే పాత తీర్పు ఒకటుంది. మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977లో సుప్రీంకోర్టు, ఉత్తర్వు నిలబడుతుందా లేదా అన్నది అందులో రాసిన కారణాలతోనే తేలాలని, తర్వాత అఫిడవిట్ వేసి కొత్త కారణాలు చేర్చకూడదని చెప్పింది. అంటే మీరు హైకోర్టుకు వెళ్ళాక ప్రభుత్వ న్యాయవాది లేచి "అసలు కారణం వేరే ఉందండీ" అంటే అది చెల్లదు.

మన దగ్గర ఇంకో పెద్ద లోటు, ఖైదీతో ఎవరూ మాట్లాడకపోవడం. అంతా కాగితాల మీదే. తన మీద ఏం రాశారో అతనికి తెలియదు కాబట్టి తప్పుంటే చెప్పే అవకాశం కూడా లేదు. బ్రిటన్‌లో పెరోల్ బోర్డు విషయంలో అక్కడి సుప్రీంకోర్టు 2013లో ఆస్బోర్న్ కేసులో ఇదే ఆలోచించింది. న్యాయంగా ఉండటానికి అవసరమైనప్పుడల్లా ఖైదీని ఎదురుగా కూర్చోబెట్టి వినాలని చెప్పింది. సరైన నిర్ణయం కోసం మాత్రమే కాదు, తన మాట ఎవరూ వినలేదన్న బాధ ఆ మనిషిలో మిగలకుండా ఉండటానికి కూడా వినాలన్నది అందులోని ఆలోచన. నాకది నూటికి నూరుపాళ్ళు నిజమనిపిస్తుంది. కారణం తెలియకుండా కాదనిపించుకున్న ఖైదీ ఎలా మారిపోతాడో నేను చూశాను. కారణం తెలిస్తే కోపం వస్తుంది, కానీ దేన్ని సరిచేసుకోవాలో కూడా తెలుస్తుంది.

ఇక, ఆ ఇంకొకాయనకు వచ్చి మీ అన్నయ్యకు ఎందుకు రాలేదన్నది. తెలియకుండా అది పక్షపాతమని నేను అనలేను. అతని ఊరు వేరు కావచ్చు, బాధితులు అక్కడ లేకపోవచ్చు, ఇంతకుముందు వెళ్ళి వచ్చి ఉండవచ్చు. కానీ ఆ అనుమానం మీకు రావడంలో తప్పు లేదు. హర్యానాలో డేరా సచ్చా సౌదా అనే మత సంస్థ అధిపతికి 2017లో శిక్ష పడ్డాక పదే పదే పెరోల్, ఫర్లో ఇవ్వడం మీద ఎంత చర్చ జరిగిందో మీకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో పంజాబ్, హర్యానా హైకోర్టు తమ అనుమతి లేకుండా ఇక ఇవ్వొద్దని కూడా అంది. ఆ ఆగస్టులో, నిబంధనల ప్రకారం పక్షపాతం లేకుండా అధికారులే చూసుకోవాలంటూ ఆ వ్యవహారాన్ని ముగించింది. ఒకరికి అంత సులువుగా తలుపు తెరుచుకుంటుంటే, ఇంకో వెయ్యిమంది తమ ఫైలు ఎవరైనా చదివారా అని అడగడం సహజం.

ఇజ్రాయెల్‌లో పెరోల్ నిర్ణయాల మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనం మీరు ఎక్కడో చదివే ఉంటారు. ఎనిమిది మంది జడ్జీల వెయ్యికి పైగా నిర్ణయాలు చూశారు. విరామం తర్వాత మొదట్లో వచ్చినవాళ్ళలో దాదాపు 65 శాతం మందికి అనుకూలంగా వచ్చిందట. మళ్ళీ విరామం దగ్గరపడేసరికి అది సున్నాకు దగ్గరైందట. "జడ్జీలకు ఆకలేసింది" అని పత్రికలు రాశాయి. కానీ తర్వాత వేరే పరిశోధకులు చూస్తే, కేసుల వరస యాదృచ్ఛికం కాదని, లాయరు లేని ఖైదీలు ఎక్కువగా చివర్లో వస్తున్నారని తేలింది. నాకు ఆ రెండో సంగతే ముఖ్యం. తన తరఫున కాగితాలు సర్ది మాట్లాడే మనిషి లేనివాడు ఎక్కడైనా వరసలో చివరే ఉంటాడు.

మీరు "14 ఏళ్ళు అయ్యాక ఎలాగూ వదిలేస్తారు కదా" అని రాశారు. అది నిజం కాదమ్మా. యావజ్జీవం అంటే చట్టం ప్రకారం బతికున్నంత కాలం. మరణశిక్షకు అవకాశం ఉన్న నేరాల్లో యావజ్జీవం పడినవాళ్ళకు 14 ఏళ్ళు నిజంగా లోపల గడిపాకే ముందస్తు విడుదల గురించి ఆలోచించవచ్చని 1978లో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఏ సెక్షన్ చేర్చారు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది 475వ సెక్షన్. అప్పుడు చూసే విషయాలు వేరు. లక్ష్మణ్ నస్కర్ కేసులో 2000లో సుప్రీంకోర్టు కొన్ని చెప్పింది: నేరం సమాజం మొత్తాన్ని తాకినదా, మళ్ళీ చేసే అవకాశం ఉందా, ఆ శక్తి ఇంకా ఉందా, ఇంకా లోపల ఉంచడం వల్ల ప్రయోజనం ఉందా, ఇంటి పరిస్థితి ఏమిటి. శిక్ష వేసిన కోర్టు అభిప్రాయం కూడా అడుగుతారు. ఆ అభిప్రాయం యాంత్రికంగా ఇస్తే చెల్లదని 2022లో రామ్ చందర్ కేసులో చెప్పారు. 2023లో బిహార్‌కు చెందిన రాజో కేసు వచ్చింది. 24 ఏళ్ళుగా లోపల ఉన్న మనిషి. జడ్జి అభిప్రాయం ప్రతికూలంగా ఉందన్న ఒక్క దాని మీద ముందస్తు విడుదల చూసే బోర్డు కాదంది. శిక్ష పడ్డాక ఆ మనిషి ఎలా మారాడో జడ్జి ముందున్న రికార్డులో ఉండదు కదా అని కోర్టు దాన్ని మళ్ళీ చూడమంది. 2025 ఫిబ్రవరిలో ఇంకో మేలు జరిగింది: అర్హత వచ్చినవాళ్ళ కేసులను దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని, కారణాలు రాయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇప్పుడు మీ అన్నయ్య వెళ్ళి సమయానికి తిరిగొస్తే, ఆ రోజున అతని తరఫున చెప్పడానికి అది పెద్ద ఆధారం. అందుకే ఈ నాలుగు రోజుల పెరోల్ చిన్న విషయం కాదు.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందుగా తిరస్కరణ ఉత్తర్వు పూర్తి నకలు తీసుకోండి. పోలీసు నివేదిక, ప్రొబేషన్ నివేదిక నకళ్ళు ఇవ్వమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. చెప్పినవాళ్ళ భద్రత పేరుతో కొంత భాగం ఇవ్వకపోవచ్చు, అది సబబే. పేర్లు కొట్టేసి మిగతాది ఇవ్వమని అడగండి. నివేదిక చేతికొచ్చాక కోపంతో జవాబు రాయకండి. ఒక్కొక్క వాక్యం పక్కన మూడు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఇప్పటికీ నిజమేనా? మీ ఊళ్ళో పోయినవాళ్ళ కుటుంబం ఉంటే అన్నయ్యను ఆ ఊరికి తీసుకెళ్ళకండి. ఆసుపత్రి ఉన్న పట్నంలో మీ ఇంటి చిరునామా ఇవ్వండి. రోజూ దగ్గర్లోని స్టేషన్‌లో సంతకం పెడతాడని మీరే ముందుగా రాయండి. భయం ఎక్కడుందో చూసి అక్కడ షరతు పెడితే, కాదనడానికి కారణం తగ్గిపోతుంది. దయచేసి ఆ కుటుంబం దగ్గరికి మీరు గానీ మీవాళ్ళు గానీ వెళ్ళి "అభ్యంతరం లేదని సంతకం పెట్టండి" అని అడగకండి. మీరు మంచి మనసుతో వెళ్ళినా వాళ్ళకు అది బెదిరింపులా ఉంటుంది. అడగాల్సింది అధికారి, అదీ వాళ్ళను విడిగా, వాళ్ళింట్లో.

ష్యూరిటీలు, అంటే పూచీ పడేవాళ్ళు, దొరకడం లేదని రాశారు. ఆస్తి కాగితాలున్నవాళ్ళే కావాలంటే కూలి కుటుంబాల్లో ఎవరికి దొరుకుతారు? మీ ఆర్థిక పరిస్థితి రాసి, సొంత పూచీకత్తు మీద గానీ తక్కువ మొత్తానికి గానీ ఒప్పుకోమని దరఖాస్తులోనే అడగండి. లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. జైల్లోనే న్యాయ సహాయ క్లినిక్ ఉంటుంది, అన్నయ్యను ములాఖత్‌లో అడగమనండి. మీరు జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్ళండి. మళ్ళీ ఒక్క వాక్యంతోనే కాదంటే హైకోర్టులో రిట్, అంటే ఆ నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్, వేయమని వాళ్ళనే అడగవచ్చు. ఆపరేషన్ తేదీ దగ్గర్లో ఉంటే అత్యవసరంగా వినమని కూడా అడుగుతారు.

అన్నిటికంటే ముందు ఆసుపత్రికి వెళ్ళండి. "గుండె జబ్బు" అని రాసిన సర్టిఫికెట్ చాలదు, అలాంటివి ఫైళ్ళలో కుప్పలుగా వస్తాయి, వాటిని ఎవరూ నమ్మరు. ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరున్నారు అన్నది డాక్టరుగారి చేత సీలు వేయించి, ఫోన్ నంబరుతో సహా రాయించుకోండి. ఫోన్ చేసి కనుక్కోగలిగిన కాగితం అయితే పోలీసుల విచారణ ఒక రోజులో అయిపోతుంది. కొత్త దరఖాస్తులో మొదటి పేజీగా దాన్నే పెట్టండి.